ఇండియానాపోలిస్‌కు కొత్తగా వచ్చినవారికి: బయట తిన్న రుచులను ఇంటి వంటలోకి తెచ్చుకోవడం గురించి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఎం.ఎస్. చదువు కోసం ఈ ఆగస్టులో ఇండియానాపోలిస్ వచ్చాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఒకే అపార్టుమెంటులో నలుగురం ఉంటున్నాం, మాలో ఇద్దరు శాకాహారులు. నాకు అన్నం, పప్పు, నాలుగైదు వేపుళ్లు వండటం వచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చళ్లు, పొడులు అయిపోవస్తున్నాయి. మన సరుకుల దుకాణానికి ఎవరైనా కారులో తీసుకువెళితేనే వెళ్లగలుగుతున్నాం. వారాంతాల్లో తోటి విద్యార్థులతో కలిసి మెక్సికన్, బర్మీస్, ఇథియోపియన్ హోటళ్లలో తిన్నప్పుడు కొన్ని రుచులు మన ఇంటి వంటకు చాలా దగ్గరగా అనిపించాయి. తరచుగా బయట తినే స్తోమత మాకు లేదు. ఆ రుచులను ఇంట్లో మన పద్ధతిలో వండుకోవడానికి వీలుంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు, కార్మెల్ (ఇండియానాపోలిస్ శివారు) నుంచి

మీకు మా ఊరికి స్వాగతం. తప్పకుండా వీలుంటుంది. ఇక్కడికి వచ్చిన తొలి ఏడాదిలో మనవాళ్లలో చాలామంది అమ్మ చేసిన కూరను అచ్చంగా అలాగే చేయాలని పట్టుబట్టి, దానికి కావలసిన ప్రతి వస్తువునూ ఎక్కువ ధరకు కొని, సగం వాడి, సగం పారవేస్తుంటారు. మీరు అలా కాకుండా నచ్చిన రుచి దగ్గర మొదలుపెట్టారు, అది నాకు సంతోషం కలిగించింది. బయట ఏదైనా నచ్చినప్పుడు దాని తయారీ విధానం వెతకడానికి ముందు, ఆ పులుపు దేనివల్ల వచ్చింది, ఆ కారం ఏ మిరపది, దాన్ని కాల్చారా, వేయించారా, పులియబెట్టారా అన్నవి గమనించండి. వడ్డించేవారిని అడిగితే చాలాచోట్ల సంతోషంగా చెబుతారు. ఆ సంగతులు తెలిస్తే మిగిలిన వంట మీకు వచ్చిన వంటే.

మెక్సికన్ హోటల్‌లో చిప్స్‌తో పాటు పెట్టే ఆకుపచ్చ సల్సాతో, అంటే వారి పచ్చడితో, మొదలుపెట్టండి. అందులో పులుపు టొమాటిల్లోది. అది చూడటానికి పచ్చి టమాటాలా ఉంటుంది కానీ పైన కాగితం లాంటి పొర ఉంటుంది. చాలా మామూలు సూపర్‌మార్కెట్లలో కూడా దొరుకుతుంది కనుక మన దుకాణానికి వెళ్లవలసిన పని లేదు. అరకిలో టొమాటిల్లోల పొర ఒలిచి, పైనున్న జిగురు పోయేలా గోరువెచ్చని నీళ్లతో కడిగి, రెండేసి ముక్కలు చేయండి. ఐదారు సెరానో మిరపకాయలకు గాటు పెట్టి (పెట్టకపోతే పేలి చేతిమీద పడతాయి), కొద్దిగా నూనె వేసి, అన్నిటినీ పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. గుప్పెడు వేరుసెనగ గుళ్లు, చెంచాడు జీలకర్ర వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి ముందు పొడి చేసుకోండి. చల్లారిన ముక్కలను ఆ పొడిలో కలిపి కచ్చాపచ్చాగా తిప్పి, చివర కొత్తిమీర వేసి, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, ఇంగువతో పోపు పెట్టండి. చింతపండు అవసరమే రాదు. వేడి అన్నంలోకి ఇది మన దోసకాయ పచ్చడికీ పచ్చి టమాటా పచ్చడికీ నడుమ రుచిగా ఉంటుంది.

టొమాటిల్లో పప్పు కూడా బాగుంటుంది కానీ, ముక్కలను కందిపప్పుతో కలిపి ఉడికించకండి. పులుపు తగిలితే పప్పు సరిగా మెత్తబడదు. పప్పు విడిగా ఉడికించి, పోపులో మగ్గిన ముక్కలను ఆ తరువాత కలపండి.

మిరపకాయల విషయంలో ఒక మాట. హాలపేనో మన పచ్చిమిరపకంటే కారం తక్కువ, కండ ఎక్కువ. సెనగపిండి ముంచి బజ్జీలు వేయడానికి అది చక్కగా పనికొస్తుంది, పచ్చడికి మాత్రం సెరానో తీసుకోండి. ఎండుమిరప అయిపోయినప్పుడు మెక్సికన్ దుకాణంలో దొరికే సన్నని ఎర్రని చిలీ దె ఆర్బోల్ మన పోపులకు, కారప్పొడికి సరిపోతుంది. అసలు మిరప, టమాటా, వేరుసెనగ మనకు అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. పోర్చుగీసువారు మిరపను తెచ్చింది 16వ శతాబ్దంలో. కనుక మెక్సికన్ వంటింటి సరుకు మన వంటలో ఒదగడం చూసి మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. అక్కడే బెంగుళూరు వంకాయ చాయోటే అన్న పేరుతోనూ, బెల్లం పిలోన్సీయో అన్న పేరుతో శంకువు ఆకారపు అచ్చుల్లోనూ కనిపిస్తాయి. ఖమైకా అని అమ్మే ఎండు ఎర్రరేకలు ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండేవే. గుప్పెడు రేకలను వేడినీళ్లలో నానబెట్టి, ఆ పుల్లని నీళ్లను చారులో చింతపండు రసానికి బదులుగా వాడవచ్చు. చారు రంగు మారుతుంది, పులుపు మాత్రం మనకు తెలిసిన పులుపే.

ఇక గోంగూర. మన ఊరికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. దక్షిణ భాగంలో బర్మా నుంచి వచ్చిన చిన్ ప్రజలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు. వారి హోటళ్లలో చిన్ బౌంగ్ అని వడ్డించే పుల్లని ఆకుకూర అచ్చంగా మన గోంగూరే. వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఎండు రొయ్యలతో వేయిస్తారు, కొందరు వెదురు కొమ్ముల ముక్కలు కూడా వేస్తారు. ఎండు రొయ్యల గోంగూర మన కోస్తా ఇళ్లలో ఉన్నదే, వెదురు కొమ్ముల కూర మన మన్యంలో వండుతారు. ఈ రెండింటినీ ఒకే మూకుడులో కలపడం నేను నేర్చుకున్నది బర్మా వారి పళ్లెంలోనే, ఇప్పుడు మా ఇంట్లో అది మామూలు కూర అయింది. ఒకప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎందరో తెలుగువారు రంగూన్‌కు వలస వెళ్లారు, అక్కడివారు వారిని కోరంగీలనే పిలిచేవారు. ఆ చరిత్ర తెలిసి తింటే ఆ కూర మీద ఇంకొంచెం మమకారం కలుగుతుంది. వేసవిలో అయితే ఆ చుట్టుపక్కల బర్మీస్ దుకాణాల్లో తాజా ఆకు కోసం అడగండి. కారున్న స్నేహితులతో నెలకొకసారి వెళ్లి, ఎక్కువ ఆకు తెచ్చుకుని, నూనెలో మగ్గించి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పచ్చి ఆకును అలాగే పెట్టడం కంటే ఇది నయం.

వసంతకాలంలో ఇక్కడి రైతుబజార్లలో రూబార్బ్ అనే ఎర్రని కాడలు వస్తాయి. ఇక్కడివారు వాటితో 'పై' (pie) అనే తీపి వంటకం చేస్తారు, ఒకసారి రుచి చూడండి. అది మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క కనుక పప్పులో బ్రహ్మాండంగా కలుస్తుంది. అయితే కాడలే వాడాలి. ఆకులు విషపూరితం, ఎట్టి పరిస్థితిలోనూ వండకూడదు.

రెండవ జవాబు, ఫిషర్స్ (మరో శివారు) నుంచి

పై సోదరి గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. మీతో ఉన్న శాకాహారుల కోసం కొంత చేర్చదలిచాను. మెక్సికన్ హోటళ్లలో నూరిన బీన్స్‌లోనూ, మైదా రొట్టెలలోనూ మాంతెకా, అంటే పంది కొవ్వు, వాడటం కద్దు. అన్నాన్ని కోడిమాంసం ఉడికించిన నీళ్లతో వండటం కూడా ఉంది. థాయి కూరల్లో చేపసారం, బర్మీస్ కూరల్లో రొయ్య, చేపల ముద్ద దాదాపు అంతటా ఉంటాయి. మాంసం లేదు కదా అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే వారి దృష్టిలో అవి మాంసం కావు. అందువల్ల ఒక్కొక్క వస్తువునూ పేరు పెట్టి అడగాలి.

శాకాహారులు నిశ్చింతగా తినగల చోటు ఇథియోపియన్ హోటల్. వారి సనాతన క్రైస్తవ సంప్రదాయంలో బుధ, శుక్రవారాలలోనూ, ఇంకా అనేక ఉపవాస దినాలలోనూ మాంసం, పాలు, వెన్న ముట్టరు కనుక ఉపవాసపు పళ్లెం అని అడిగితే పప్పులు, కూరగాయలు మాత్రమే వస్తాయి. 38వ వీధి, లఫాయెట్ రోడ్డు పరిసరాల్లో అనేక దేశాల హోటళ్లు, దుకాణాలు ఒకేచోట ఉన్నాయి, ముందు అక్కడ చూడండి. ఆ పళ్లెంలోని ఎర్రని మసూరు పప్పును శ్రద్ధగా గమనించండి. ఉల్లిపాయలను చాలా సన్నగా తరిగి, మొదట నూనె లేకుండా, సన్నని సెగ మీద, తడి ఆరి ముద్దయ్యేవరకు కలుపుతూ వేపుతారు. ఆ తరువాతే నూనె, బెర్బెరె కారం వేస్తారు. బెర్బెరెలో ఎండుమిరప, మెంతులు, ధనియాలు, యాలకులు, అల్లం ఉంటాయి, అంటే దాదాపు అన్నీ మీ డబ్బాలో ఉన్నవే. ఈ పద్ధతిలో చేసిన ఉల్లిముద్దను ఆదివారం ఎక్కువగా చేసి ఉంచుకుంటే వారమంతా పప్పుకూ, గుత్తివంకాయకూ, శాకాహారులు వేరుగా తీసి పెట్టుకున్నాక కోడికూరకూ కూడా పనికొస్తుంది. నలుగురు రెండు రకాలుగా తినే ఇంట్లో ఇంతకంటే సులువైన ఏర్పాటు నాకు తెలియదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

పెద్దలిద్దరికీ కృతజ్ఞతలు. టొమాటిల్లో పచ్చడి నిన్న చేశాం, నలుగురికీ నచ్చింది. రెండు సందేహాలు. చలికి దోసెల పిండి పులవడం లేదు. మిక్సీ ఊరి నుంచి తెప్పించుకోవచ్చా?

మూడవ జవాబు, కార్మెల్ నుంచి

పిండికి మందు కూడా ఆ ఇథియోపియన్ పళ్లెంలోనే ఉంది. ఆ పళ్లెంలో కూరల కింద పరిచే ఇంజెరా రొట్టె కోసం టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని రోజుల తరబడి పులియబెడతారు, పాత పిండి మీద తేరిన నీటిని కొత్త పిండికి తోడుగా వేస్తారు. మీరు కూడా ప్రతిసారీ ఒక గరిటెడు పాత పిండిని దాచి కొత్త పిండిలో కలపండి. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి రాత్రంతా వదిలేయండి. తలుపు మీద ఒక చీటీ అంటించండి, లేకపోతే తోటివారెవరో తెలియక ఓవెన్ వేస్తారు.

మిక్సీ తెప్పించుకోకండి. మన దగ్గరవి 230 వోల్టులకు తయారైనవి, ఇక్కడి కరెంటు 120 వోల్టులు. 110 వోల్టులవని ఇక్కడ అమ్మే భారతీయ మిక్సీలే కొనుక్కోవాలి. ఊరి నుంచి వచ్చేవారితో పచ్చి కరివేపాకు కూడా పంపమనకండి. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దానిమీద బతుకుతుంది కనుక విమానాశ్రయంలో అనుమతించరు. ఇక్కడే పెంచిన ఆకు మన దుకాణాల్లో దొరుకుతుంది.

మిక్సీకి డబ్బు కూడేవరకు మెక్సికన్ దుకాణంలో మోల్కహేతే అనే నల్లరాతి రోలు కొనుక్కోండి, సల్సా నూరేది అందులోనే. కొత్త రోలులో రాతిపొడి రాలుతుంది కనుక, గుప్పెడు పచ్చి బియ్యం పోసి నూరి పారబోస్తూ, పిండి బూడిదరంగు పోయి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. ఆ తరువాత ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి నూరి ఒకసారి కడిగితే పచ్చడికి సిద్ధమవుతుంది.