మూస: పోసేదా, పోయేదా?

మైనపుబొమ్మ: పంచలోహ విగ్రహాలు పోసేటప్పుడు మా తాతగారు ఒక మాట అనేవారు. "మైనం కరిగితేనే మూస" వరకే గుర్తుంది, రెండో సగం నాలుక చివరే ఆగిపోతోంది. ఎవరైనా విన్నారా? ఫౌండ్రీల్లో కరిగిన లోహాన్ని వడగట్టే సెరామిక్ ఫిల్టర్ల మీద వ్యాసం రాస్తున్నాను. 1963 నాటి పేటెంటు పద్ధతే: పాలియురెతేన్ స్పాంజిని చిక్కటి అల్యూమినా బురదలో ముంచి, పిండి, ఆరబెట్టి కాలుస్తారు. స్పాంజి కాలిపోయి దాని రూపం నిలుస్తుంది. ఇలా రూపం ఇచ్చి తాను పోయే స్పాంజిని ఇంగ్లీషులో టెంప్లేటు అంటారు. దాన్ని మూస అనొచ్చా?

పాతనిఘంటువు: కూడదండీ. మూస సంస్కృత "మూషా"కు వికృతి, కంసాలి బంగారం కరిగించే మట్టి పాత్ర. అందులో పోస్తాం, అది పోదు.

కొలిమితిత్తి: తెలుగు వికీపీడియాలో టెంప్లేటుకు మూస అనే వాడుతున్నాం కదా. పైగా అది "మూయు" నుంచి వచ్చిందని నా నమ్మకం. తెలంగాణలోని కోనసముద్రంలో ఉక్కు చేసిన మూసలకు మట్టి మూత పెట్టి మూసేవారు.

పాతనిఘంటువు: మూయు నుంచి మూత వస్తుంది. "స" ఎక్కడిది?

కొలిమితిత్తి: మూసి, మూసిన. వాటిలో ఉన్నది "స" కాదా?

ఊకపొయ్యి: ఆ మూసల మట్టిలో ఊక కలిపేవారు. ఒక పెంకు ముక్కను లెన్సు కింద చూశాను. వడ్ల పొట్టు మీది గరుకు వరసలు చెక్కుచెదరలేదు. పొట్టులో సిలికా ఎక్కువ మరి. అంటే ఊకే ఆ మూసకు మూస! మీ ఇద్దరి అర్థాలూ ఒక్క పెంకులో ఉన్నాయి.

ఆటవెలది: కాల్చకుండా పోయే టెంప్లేట్లూ ఉన్నాయి. ఉప్పును నీళ్లతో కడిగేస్తారు, కర్పూరం గాలిలో హరించుకుపోతుంది. వేమన "ఉప్పు కప్పురంబు" పక్కపక్కన పెట్టి "రుచుల జాడ వేరు" అన్నాడు. పోయినదాని జాడే రంధ్రం. టెంప్లేటును "జాడ" అందాం.

పాతనిఘంటువు: అక్కడ జాడ అంటే తీరు. ఆనవాలు కాదు.

ఆటవెలది: తీరైతే "చూడ చూడ" ఎందుకు? వెతికితే దొరికేది ఆనవాలే. వేమన ఊరికే ఒక్క మాట వెయ్యడు.

మైనపుబొమ్మ: ఫిల్టరును విరిస్తే ప్రతి తీగ నడుమ మూడు మూలల సన్నని బోలు కనిపిస్తుంది. స్పాంజి ఉన్న చోటు అది. దాన్నేమనాలి? తాతగారి రెండో సగం దాని గురించే అనిపిస్తోంది. "మ"తోనే మొదలవుతుంది, అంతవరకూ ఖాయం.