ఇంట్లోనే ఉన్నావు కదా అంటారు... సొంత పని చేసుకునేవాళ్లు రోజూ ఎట్లా నెట్టుకొస్తున్నారు?

కొర్లగుంట డిజైనర్:

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో ఇంట్లో కూర్చుని పెళ్లి ఆల్బంలు డిజైన్ చేస్తాను. స్టూడియో వాళ్లు హార్డ్‌డిస్క్ పంపిస్తారు, సెలెక్షన్ అయిన ఫోటోలు షీట్లుగా సెట్ చేసి ఇస్తే షీట్‌కి ఇంత అని లెక్క. ఇదివరకు ఒక స్టూడియోలో జీతానికే చేసేవాణ్ణి, ఇప్పుడు సొంతం. పని లేదనేది నా సమస్య కాదు, మాఘం నుంచి వైశాఖం దాకా అన్నం తినే టైం కూడా ఉండదు. బాధలు వేరే ఉన్నాయి.

ఇంట్లో ఉంటా కాబట్టి ఖాళీగా ఉన్నానని అందరూ అనేసుకున్నారు. గ్యాస్ బండ వస్తే నేను, ఎవరికన్నా ఆధార్ అప్‌డేట్ చేయించాలంటే నేను, పక్కింట్లో ఫ్రిజ్ రిపేరుకి మనిషి వస్తే చూసుకోవాల్సింది నేను. అమ్మని రుయా ఆసుపత్రికి తీసుకుపోయేది నా బాధ్యతే, దాని గురించి నాకేం లేదు. కానీ తిరుపతిలో ఇల్లున్నోళ్లకి ఇంకొకటి ఉంటుంది కదా, కొండకి వచ్చే చుట్టాలు. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎప్పుడొచ్చినా మా ఇంట్లోనే దిగుతారు, స్టేషన్‌కి పోయి పిలుచుకురావాలి, టోకెన్ల దగ్గరికి తీసుకుపోవాలి, తిరిగొచ్చినాక తిరుచానూరు, కపిలతీర్థం, శ్రీకాళహస్తి చూపించాలి. అన్న బ్యాంకులో చేస్తాడు, వాణ్ణి ఒక్కరు కూడా అడగరు, "వాడికి డ్యూటీ ఉంటుంది పాపం" అంటారు. నాది డ్యూటీ కాదా? స్వామి దర్శనానికి వచ్చినోళ్లని కాదంటే పాపమేమో అని భయం, ఔనంటే ఆ రాత్రి తెల్లార్లూ కూర్చుని షీట్లు పూర్తి చెయ్యాలి.

ఇంకొకటి డబ్బులు. ఫైళ్లు ఇచ్చేసినాక "పార్టీ ఇంకా సెటిల్ చెయ్యలేదు తమ్ముడూ" అంటారు. ఆల్బం ప్రింటై, పెళ్లికూతురు అత్తగారింటికి పోయి, సీమంతం ఫోటోలు కూడా వస్తాయి కానీ నా డబ్బులు రావు. నాయిన ఏమో జీతం ఉంటే సంబంధాలు కుదురుతాయి అంటాడు, స్లిప్ చూపించు అంటే ఏం చూపించేది? మీరంతా ఎట్లా చేస్తున్నారో చెప్పండి, పని మానెయ్యమని మాత్రం చెప్పొద్దు, ఈ పని అంటే నాకు ప్రాణం.

తిరుచానూరు రోడ్ టైలర్:

తమ్ముడూ నీ బాధ చదివితే నాదే రాసినట్టుంది. నేను ఇంట్లో బ్లౌజులు, మగ్గం వర్క్ చేస్తాను, ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పని చేస్తారు. మొదట్లో మా ఇంట్లోనూ అంతే, మిషన్ మీద కూర్చోనుంటే "ఊరికే కూర్చోనుంది" అనుకునేవాళ్లు. ఇప్పుడు గేటు దగ్గర బోర్డు పెట్టినాను, పొద్దున పది నుంచి ఒంటిగంట, మళ్లీ మూడు నుంచి ఏడు. ఆ బోర్డు కస్టమర్ల కోసమే కాదు, ఇంట్లో వాళ్ల కోసం కూడా. ఆ టైంలో మా ఆయన ఫోన్ చేసినా మా ఆడబిడ్డ వచ్చినా పని గదిలో నుంచి లేవను, మంచినీళ్లిచ్చి "ఏడింటికి మాట్లాడుకుందాం వదినా" అంటాను. కొన్నాళ్లు మూతులు ముడుచుకున్నారు, తర్వాత అలవాటైపోయింది. నువ్వు కూడా హాల్లో సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని చెయ్యొద్దు, ఒక మూల అయినా సరే కుర్చీ, టేబులు వేసుకో, తలుపుంటే మూసుకో. పనిచేస్తున్నట్టు కనపడకపోతే ఎవరూ పని అనుకోరు, వాళ్ల తప్పు కూడా కాదది.

చుట్టాల సంగతి. పాపం అనే మాట మనసులోంచి తీసెయ్. వాళ్లకి కావాల్సింది దర్శనం, నువ్వు పక్కన నిలబడటం కాదు. నేను ఒక మెసేజ్ రాసి పెట్టుకున్నాను, ఎవరు వస్తామన్నా అదే పంపిస్తా: "దర్శనానికి 300 రూపాయల టికెట్లు టీటీడీ వెబ్‌సైట్లో నెలల ముందే రిలీజ్ అవుతాయి, ఆధార్ నంబర్లు పెట్టుకుని బుక్ చేసుకోండి. దొరకకపోతే సర్వదర్శనం టోకెన్లు బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసంలో, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారు, ఒరిజినల్ ఆధార్ తెచ్చుకోండి. దర్శనం అయినాక భోజనానికి మా ఇంటికి రండి, లడ్డూ మాకూ తీసుకురండి." ఇంతే. వచ్చినరోజు కడుపునిండా పెట్టి పంపిస్తాను, ఎవరూ తప్పు పట్టలేదు. పెద్దవాళ్లు, నడవలేనివాళ్లు వస్తే అప్పుడు నేనే పోతాను, ఆరోజు బోర్డు తిప్పేస్తాను.

డబ్బులకి నా పద్ధతి ఒక్కటే, గుడ్డ మీద కత్తెర పెట్టకముందే సగం. మా పిన్ని కూతురైనా అంతే.

మంగళం ట్రావెల్స్:

అన్నా నేను సొంత బండి తిప్పుతాను, తిరుమల, కాణిపాకం, కాళహస్తి ట్రిప్పులు. నాకు టైం గొడవ లేదు, బండి స్టార్ట్ చేస్తే డ్యూటీ కిందే లెక్క. నాకు తెలిసింది సీజన్ డబ్బు గురించి. ఎండాకాలంలో రోజూ చేతికి డబ్బు ఆడతా ఉంటుంది, జేబులో ఉంటే అది మనదే అనిపిస్తుంది, ఆ తర్వాత డల్ రోజులు వచ్చినప్పుడు ఈఎంఐ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, టైర్లు అన్నీ ఒకేసారి వచ్చి నిలబడతాయి. మా దాంట్లో చానా మంది బండ్లు అట్లానే పోగొట్టుకున్నారు, బేరాలు లేక కాదు.

నేను రెండు అకౌంట్లు పెట్టుకున్నా. ఫోన్‌పే స్కానర్ బండి అకౌంట్‌కి, వచ్చిందంతా అందులోనే పడాలి. నెలకి ఒకసారి ఒకటో తేదీన ఇంటి అకౌంట్‌కి జీతం మాదిరి ఒకే మొత్తం వేసుకుంటా, సీజన్‌లో కూడా అంతే, అన్‌సీజన్‌లో కూడా అంతే. నీకు ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢం వస్తే అది, ఏ నెల ఖాళీనో పంచాంగం చూస్తే ముందే తెలిసిపోతుంది, మాకు ఆ సౌకర్యం కూడా లేదు, వాన గట్టిగా పడి ఘాట్ రోడ్డులో రాళ్లు పడినాయంటే బేరం ఉండదు. కాబట్టి మాఘంలో వచ్చే డబ్బు ఆషాఢానికి కూడా అని రాసి పెట్టుకో.

ఇంకొకటి, మనకి కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా, 436 కట్టే జీవిత బీమా ఉన్నాయి, రెండిటికీ రెండేసి లక్షలు. ముందు అవి తీసుకో. హెల్త్ పాలసీ కూడా చూడు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ తీసేసినారు.

చిత్తూరు అకౌంట్స్:

స్లిప్ గురించి అడిగారు కదా, నేను చిత్తూరులో చిన్న చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తాను కాబట్టి చెప్తున్నా. సొంత పని చేసేవాడికి జీతం స్లిప్ అంటే ఐటీఆరే, అంటే ఆదాయపు పన్ను రిటర్న్. పన్ను పడకపోయినా ప్రతి ఏడాది వెయ్యండి. లోన్‌కి పోతే బ్యాంకు వాళ్లు ముందు అడిగేది పోయిన రెండు మూడేళ్ల ఐటీఆర్‌లే, అవి ఒక్కరోజులో పుట్టించలేం. పుస్తకాలు రాసే ఓపిక లేని చిన్న వ్యాపారాలకి ప్రిజంప్టివ్ పద్ధతి ఉంది, అంటే వచ్చిన డబ్బులో ఇంత శాతం లాభం అని అంచనాగా చూపించడం, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ పేరుతో అందరూ 44ఏడీ అంటారు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాంట్లో కనీసం 6 శాతం, క్యాష్‌లో వచ్చిన దాంట్లో కనీసం 8 శాతం లాభంగా చూపించాలి. ఇక్కడ కనీసం అనేది గుర్తుపెట్టుకోండి. మీకు ఖర్చు కంప్యూటరు, కరెంటు, నెట్టే కాబట్టి మిగిలేది చాలా ఎక్కువ, మిగిలిందే చూపించండి. పన్ను తగ్గుతుందని తక్కువ చూపిస్తే రేపు ఇంటి లోన్‌కి బ్యాంకు లెక్కేసేది కూడా ఆ తక్కువ నంబరే. మీ పని వ్యాపారం కింద వస్తుందా ప్రొఫెషన్ కింద వస్తుందా అనేది మీ ఆడిటర్ మీ బిల్లులు చూసి తేలుస్తాడు. సర్వీసులకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే, కాబట్టి దానికి ఇప్పుడే భయపడక్కర్లేదు.

రావాల్సిన డబ్బుల గురించి. ఉద్యం అని చిన్న సంస్థలకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది, అది చేసుకోండి, ఆధార్, పాన్ ఉంటే అయిపోతుంది, పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. దానివల్ల ఏం లాభం అంటే 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర పని తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులో, ఎంత లేటైనా 45 రోజుల్లో కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు వెయ్యొచ్చు. నిజం చెప్పాలంటే ఊళ్లో రోజూ మొహాలు చూసుకునే స్టూడియోల మీద ఎవరూ కేసుకి పోరు, పోవాల్సిన పని కూడా లేదు. కానీ బిల్లు మీద ఉద్యం నంబరు, "చెల్లింపు గడువు 15 రోజులు" అని ప్రింట్ ఉంటే మాట్లాడే తీరు మారుతుంది, నా క్లయింట్ల దగ్గర చూశాను. మీరు అసలు బిల్లు ఇస్తున్నారా? వాట్సాప్‌లో "అన్నా 8500" అని పెట్టడం బిల్లు కాదు.

శ్రీసిటీ ఉద్యోగి:

మానెయ్యమని చెప్పొద్దన్నావు, చెప్పను. కానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం రాస్తున్నా. నేను పుత్తూరులో సొంతంగా ఫోటోలు తీసేవాణ్ణి, ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడలో షిఫ్టుకి పోతున్నా. మా నాయినకి ప్రతి నెలా మందులు కావాలి, ఆ ఖర్చు మూఢం ఉందా ముహూర్తం ఉందా చూడదు. ఒకటో తేదీ డబ్బు పడాల్సిన ఇల్లు మాది. సొంత పని గొప్ప, జీతం తక్కువ అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. మంచి ముహూర్తాలప్పుడు సెలవు పెట్టి ఇప్పటికీ తెలిసినోళ్ల పెళ్లిళ్లు తీస్తా, కెమెరా అమ్మలేదు.

కొర్లగుంట డిజైనర్:

అందరికీ చానా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. అక్కా మీ మెసేజ్ కాపీ చేసుకున్నా, మా మేనమామ వాళ్లు కర్నూలు నుంచి వస్తామన్నారు, వాళ్లకి పంపించేసినా. "సరే అల్లుడూ, టికెట్లు మేమే చూసుకుంటాం" అన్నాడు. అంతే, ఒక్క మాట కూడా అనలేదు! శ్రీసిటీ అన్నా, మీరు చెప్పింది కూడా నిజమే, అమ్మ మందులున్నా మా ఇంట్లో అన్న జీతం ఉంది కాబట్టే నేను ఈ ధైర్యం చెయ్యగలుగుతున్నా.

అకౌంట్స్ సార్, బిల్లు ఇవ్వడం లేదు, ఇప్పటి నుంచి ఇస్తా. కానీ అక్క మాదిరి సగం అడ్వాన్స్ అడిగితే స్టూడియోల వాళ్లు ఇంకో డిజైనర్ దగ్గరికి పోతారేమో. పైగా కరెక్షన్లు. ఆల్బం మొత్తం అయినాక పెళ్లికొడుకు మేనత్త ఫోటో లేదని మళ్లీ మొదలు, దానికి డబ్బులు ఇవ్వరు.

చిత్తూరు ఆల్బం డిజైనర్:

తమ్ముడూ మనది ఒకే పని కాబట్టి సూటిగా చెప్తా. అడ్వాన్స్ అడగక్కర్లేదు, ఫైల్ నీ చేతిలో ఉన్నంతసేపు బలం నీదే. ముందు చిన్న సైజు జేపీజీలు పంపించు, ప్రతి షీట్ మధ్యలో నీ పేరు అడ్డంగా వెయ్యి. పార్టీకి చూపించి ఓకే చేయించుకోవడానికి అవి చాలు, ల్యాబ్‌లో ప్రింట్‌కి పనికిరావు. డబ్బు పడినాక ఒరిజినల్ సైజు ఫైళ్లు. పీఎస్‌డీలు, అంటే మళ్లీ మార్చుకునే వీలున్న ఫోటోషాప్ ఫైళ్లు అడిగితే దానికి వేరే రేటు. ఇది చెప్పినప్పుడు ఒకరిద్దరు గొణుగుతారు, పని నచ్చితే ఎక్కడికీ పోరు, ఎందుకంటే ముహూర్తాల టైంలో మంచి డిజైనర్ దొరకడం వాళ్లకి కూడా కష్టమే.

కరెక్షన్లకి ఒక రౌండ్ ఫ్రీ, అన్నీ ఒకేసారి రాసి పంపమను, ఫోన్‌లో ఒక్కొక్కటి చెప్తే తీసుకోవద్దు. రెండో రౌండ్ నుంచి షీట్‌కి ఇంత అని ముందే రేట్ కార్డులో పెట్టు. మేనత్త ఫోటో లాంటివి రాకుండా ఉండాలంటే పని మొదలుపెట్టకముందే స్టూడియో వాళ్లని ఒకటే అడుగు, తప్పకుండా ఉండాల్సిన మనుషులెవరో పెళ్లివాళ్లతో ఫోటో నంబర్లు రాయించి పంపమని. నేను అది లేనిదే హార్డ్‌డిస్క్ ఓపెన్ చెయ్యను.

పాత బాకీలకి మాత్రం గొడవ పడొద్దు. కొత్త హార్డ్‌డిస్క్ వచ్చినప్పుడు "అన్నా పాతది సగం వేసెయ్, ఇది రేపే మొదలుపెడతా" అను. నేను అట్లా అడిగే వసూలు చేసుకున్నా, స్టూడియో ఒక్కటి కూడా పోలేదు. రేట్ కార్డు నాది కావాలంటే మెసేజ్ పెట్టు, పంపిస్తా, చిత్తూరు రేట్లు తిరుపతి కన్నా కొంచెం తక్కువ, అది చూసుకుని మార్చుకో.