800 క్యాలరీల డైట్‌తో షుగర్ నిజంగా పోతుందా?

ప్రశ్న:
నమస్తే అందరికీ. టైప్ 2 షుగర్ వచ్చి మూడేళ్లయింది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా, బీపీ టాబ్లెట్ కూడా ఉంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6, బరువు 92 కిలోలు. కొన్ని నెలలు రోజుకి 800 క్యాలరీల మీద ఉంటే షుగర్ పోతుందని వీడియోలు తెగ వస్తున్నాయి. నిజమేనా లేక వ్యూస్ కోసమా? సోమవారం నుంచి మొదలుపెడదామనుకుంటున్నా, టాబ్లెట్లు మాత్రం మామూలుగానే వేసుకుంటా.

రిప్లై 1:
ఆగండి సార్, ఆ చివరి ముక్కే డేంజర్. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది, తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా. బీపీ కూడా తగ్గుతుంది కాబట్టి పాత డోస్ అలాగే వేస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఏది ఆపాలో ఏది తగ్గించాలో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. కంటి రెటీనా చెకప్ కూడా చేయించుకోండి, షుగర్ గబగబా తగ్గినప్పుడు ముందే ఉన్న రెటీనా సమస్య కొందరిలో ముదురుతుంది.

రిప్లై 2:
వ్యూస్ కోసం మాత్రం కాదండీ, వెనక గట్టి స్టడీనే ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్, న్యూకాజిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్, గ్లాస్గో మైక్ లీన్ వాళ్లు చేశారు, 2017లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రోజుకి సుమారు 825 నుంచి 850 క్యాలరీలు, అదీ షేకులూ సూపులే, 3 నుంచి 5 నెలలు, తర్వాత మెల్లగా మామూలు తిండి. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ డయాబెటిస్ రేంజ్ కిందకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం! రెండేళ్లకి మొత్తం మీద 36 శాతానికి పడింది. అసలు లాజిక్ ఏంటంటే లివర్‌లో, పాంక్రియాస్‌లో (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి) పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ మళ్లీ సరిగ్గా పనిచేస్తుంది. ఒక్క విషయం, వాళ్లు తీసుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్లలోపు ఉండి ఇన్సులిన్ వాడని వాళ్లనే. మీరు ఆ లెక్కలోకే వస్తారు.

రిప్లై 3:
నేను చేశాను, డాక్టర్ చూస్తుండగానే. మొదటివారం తలనొప్పి, చిరాకు, మలబద్ధకం, నీళ్లు లీటర్లకి లీటర్లు తాగాలి. షేకర్ అడుగున ఉండకట్టిన పొడి కూడా వదలకుండా వేలితో గీకి తినే రోజులుంటాయి, నవ్వకండి 😄 కానీ ఆకలి తర్వాత బాగా తగ్గుతుంది. అసలు కష్టం డైట్‌లో కాదు, మళ్లీ మామూలు తిండికి వచ్చాక. బరువు కొంచెం పెరిగితే చాలు ఫాస్టింగ్ షుగర్ (పొద్దున పరగడుపున చూసేది) కూడా పైకి జరుగుతుంది, నాకైతే అలాగే అయింది, మళ్లీ దించుకున్నా.

రిప్లై 4:
మధ్యలో నాదో డౌట్, నేను లావు కాదు కానీ షుగర్ ఉంది, నాకు వేస్టేనా?

రిప్లై 2:
వేస్ట్ కాదండీ. టేలర్ టీమే తర్వాత బీఎమ్‌ఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 27 లోపు ఉన్న 20 మందితో చిన్న స్టడీ చేసింది, 14 మందికి పనిచేసింది. కాకపోతే మీ షుగర్ నిజంగా టైప్ 2నేనా అని ముందు డాక్టర్‌ని అడగండి, సన్నగా ఉన్నవాళ్లలో ఒక్కోసారి టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం) ఉంటుంది, వాళ్లకి డైట్ పేరుతో ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదకొస్తుంది.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అండీ అందరికీ. సోమవారం ప్లాన్ క్యాన్సిల్, ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటా. గ్లిమిపిరైడ్ సంగతి అస్సలు తెలీదు.