అద్దె కట్టలేకపోతున్న ఫ్యామిలీకి ఖాళీ చేయమని ఎలా చెప్పాలి?

రామంతాపూర్ ఓనర్:
మా పై పోర్షన్‌లో ఒక ఫ్యామిలీ చాలా ఏళ్లుగా ఉంటున్నారు, బంగారం లాంటి మనుషులు, మా అమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు మా పిల్లలకి అన్నం పెట్టింది వాళ్లే. ఆయన చర్లపల్లిలో చేసే కంపెనీ మూతపడింది, ఇప్పుడు బైక్ ట్యాక్సీ నడుపుతున్నారు. అద్దె 11 వేలు, నాలుగు నెలలది బాకీ, నా దగ్గర ఉన్న అడ్వాన్స్ రెండు నెలలదే. ఆ అద్దెతోనే నేను హోమ్ లోన్ కడుతున్నా, ఇంక మోయలేను. ఆవిడ మెట్ల మీద ఎదురైతే తల దించుకుని వెళ్లిపోతున్నారు, అది చూశాక అడగడానికి నోరు రావట్లేదు. వాళ్ల పెద్దమ్మాయి టెన్త్. 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. మోటార్ ఆపేస్తే వాళ్లే పోతారని మా బావమరిది అంటున్నాడు, ఆ పని మాత్రం చేయను.

మల్కాజ్‌గిరి అక్క:
మంచి పని చేస్తున్నావు తమ్ముడూ, నీళ్ల జోలికి పోవద్దు. మీ ఆవిడని తీసుకుని పిల్లలు ఇంట్లో లేని టైంలో పైకి వెళ్లు, వాట్సాప్‌లో మాత్రం పెట్టకు. మా అబ్బాయి వస్తున్నాడు లాంటి సాకులు చెప్పొద్దు, రేపు గేటుకి టు-లెట్ బోర్డు కనిపిస్తే వాళ్ల మనసు విరిగిపోతుంది. లోన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. ఇప్పుడే చెప్పి, పరీక్షలు అయ్యాక మే నెలాఖరుకి గడువు పెట్టు. జూన్ 12కి స్కూళ్లు తెరుస్తారు, ఈలోపు సర్దుకుంటారు, ఇంకా లేటైతే ఆషాఢం వచ్చేస్తుంది, ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు.

బోడుప్పల్ కిరాయిదారు:
నేను ఆ పరిస్థితిలోంచి వచ్చినవాణ్ణే కాబట్టి చెప్తున్నా, వెళ్లాలని ఉన్నా వెళ్లలేకపోవడానికి కారణం అడ్వాన్స్. ఎనిమిది వేలకి సింగిల్ బెడ్‌రూం దొరికినా రెండు నెలల అడ్వాన్స్, మొదటి నెల అద్దె కలిపి 24 వేలు చేతిలో ఉండాలి, ట్రాలీ ఆటో ఖర్చు వేరే. మీరు బాకీ కింద ఆ 22 వేలు పట్టేసుకుంటే ఆయన కదల్లేడు, బాకీ మాత్రం పెరుగుతూ పోతుంది. అడ్వాన్స్ మొత్తం, వీలైతే కొత్త ఓనర్‌కే నేరుగా ఇచ్చేయండి, పెయింటింగ్ డబ్బులు కూడా పట్టుకోకండి. మీరే నలుగురినీ అడిగి ఇల్లు చూసిపెడితే ఇంకా మంచిది, ఓనర్ మాట సాయం ఉంటే నాలాంటోళ్లకి ఇల్లు తొందరగా దొరుకుతుంది.

సిటీ సివిల్ కోర్టు లాయర్:
అగ్రిమెంట్ అయిపోయాక మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది నెలవారీ అద్దె కిందకి వస్తుంది, 1882 ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 106 ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీస్ ఇవ్వాలి. నోటీస్ ఇచ్చాం కదా అని తాళం వేస్తే కుదరదు, కోర్టు ఆర్డర్ కావాల్సిందే. బలవంతంగా పంపిస్తే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు కేసు వేసి వాళ్లు మళ్లీ ఇంట్లోకి రావచ్చు, ఇల్లు మీదే అయినా సరే. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, మీ కేసులో మాటతో తేల్చుకోవడమే మేలు. ఒప్పుకున్న తేదీ, ఇచ్చే డబ్బు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

రామంతాపూర్ ఓనర్:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం ఇద్దరం పైకి వెళ్తాం. అడ్వాన్స్ మొత్తం ఇచ్చేస్తా, బాకీలో రెండు నెలలు వదిలేస్తా, మిగతా రెండు నెలలది ఎప్పుడు అడగాలి?

మల్కాజ్‌గిరి అక్క:
ఆ రోజు మాత్రం అడగొద్దు తమ్ముడూ. ఆయనకి నెల జీతం ఉద్యోగం దొరికాక నెలకి వెయ్యో రెండు వేలో ఇమ్మను, అదీ ఆయన నోటితో ఆయన చెప్పిన లెక్కే రాసుకో.