అప్‌డేట్: రెండు భాషల గ్రూపుల స్కోర్లు ఎందుకు కలవలేదో తేలింది

కౌన్సెలర్ల సెకండరీ ట్రామా ఒత్తిడిని (బాధితుల అనుభవాలు వినీ వినీ వినేవాళ్లకి వచ్చే ఒత్తిడి) కొలిచే బ్రైడ్ స్కేల్‌ని (2004, 17 ప్రశ్నలు) అనువదించి రెండు భాషల వాళ్లకి ఇస్తే ఒక గ్రూపు సగటు బాగా తక్కువ వచ్చిందని, వాళ్లకి నిజంగానే ఒత్తిడి తక్కువా అని అడిగాను కదా. కాదని తేలింది.

ఇన్వేరియన్స్ టెస్ట్ (స్కేల్ రెండు గ్రూపుల్లోనూ ఒకేలా కొలుస్తోందా అని చూసే పరీక్ష) చెయ్యమన్నవాళ్లకి థ్యాంక్స్, దారి చూపించింది అదే. మా స్టాటిస్టిషియన్ చూస్తే స్కేల్‌లోని మూడు భాగాల నిర్మాణం రెండు గ్రూపుల్లోనూ నిలబడింది, లోడింగ్‌లు (ఒక్కో ప్రశ్న తన భాగంతో ఎంత గట్టిగా ముడిపడి ఉందో చెప్పే అంకెలు) కూడా సమానమే. ఇంటర్‌సెప్ట్‌ల (ఒక్కో ప్రశ్నకి స్కోరు మొదలయ్యే స్థాయి) దగ్గరే తేడా కొట్టింది. అంటే ఒత్తిడి ఒకే స్థాయిలో ఉన్నా ఒక గ్రూపు కొన్ని ప్రశ్నలకి తక్కువ స్కోరు వేస్తోంది. అలాంటప్పుడు సగటుల్ని నేరుగా పోల్చకూడదు.

అసలు దొంగ మనసు మొద్దుబారడం గురించిన ప్రశ్న. బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో (అనువాదాన్ని మళ్లీ మూల భాషలోకి మార్చి చూడటం) చక్కగా తిరిగొచ్చింది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. తక్కువ స్కోరు వచ్చిన గ్రూపులో కొందరిని కూర్చోబెట్టి, చదివి అర్థం చెప్పమంటే, "రాతిగుండె మనిషినా అని అడుగుతున్నారా? ఛ, నేను అలా కాదు" అన్నారు. మేం రాసిన మాట వాళ్లకి లక్షణంలా కాదు, తిట్టులా వినిపించింది! దాన్నీ, ఇంకో ప్రశ్ననీ రెండు గ్రూపుల్లో విడివిడిగా అంచనా వేస్తే (పాక్షిక ఇన్వేరియన్స్, అంటే మిగతా ప్రశ్నల్ని మాత్రమే రెండు గ్రూపుల్లో సమానంగా ఉంచడం) తేడా చాలావరకు పోయింది.

శాంపిల్ సైజు వల్లో, ఆన్‌లైన్‌లో నింపారా కాగితం మీదా అన్నదాని వల్లో తేడా వచ్చిందేమో అని చర్చ జరిగింది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంకోటి, అసలు స్కేల్‌కి చెప్పిన 38 కటాఫ్‌ని (ఒత్తిడి ఎక్కువని తేల్చే హద్దు స్కోరు) అనువాదానికి అలాగే తగిలించొద్దు. నేను తగిలించి ఒక డ్రాఫ్ట్ మొత్తం చింపుకున్నాను.