సుల్తాన్‌బజార్‌లో పాతకాలపు చిన్న వసతిగృహం: అక్కడ బస చేసినవారు తమ అనుభవం చెప్పగలరా?

ప్రశ్న: ఉప్పల్‌వాసి

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. చదువుకునే రోజుల్లో ఆయన హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. సాయంత్రమైతే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లి, ఇక తలుపులు వేస్తామని చెప్పేదాకా పత్రికలు చదువుతూ కూర్చునేవారట. 1901లో వెలసిన ఆ గ్రంథాలయాన్ని మళ్లీ చూడాలనీ, ఆ వీధుల్లోనే రెండు రాత్రులు ఉండాలనీ ఈమధ్య పట్టుబడుతున్నారు. ఉప్పల్‌లో సొంత ఇల్లు పెట్టుకుని కోఠీలో లాడ్జి ఎందుకని నేనంటే, పగలు చూసి రావడం వేరు, అక్కడ నిద్ర లేవడం వేరు అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

బడీచౌడీ వైపు వెళ్లే దారిలో, మెట్రో వంతెనకు ఎదురుగా, పది పన్నెండు గదులున్న పాత మేడ ఒకటి వసతిగృహంగా నడుస్తోంది. నడుమ లోగిలి, పైన చెక్క కటకటాల వరండా ఉన్నాయి. పేరు రాయడం లేదు, ఆ వీధి ఎరిగినవారికి ఈపాటికే తెలిసి ఉంటుంది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. వెంట మా తమ్ముడి అల్లుడు కూడా వస్తానంటున్నాడు, అతనిది విదేశీ పాస్‌పోర్టు. అక్కడ స్నానాలగదులు ఎలా ఉంటాయి, రాత్రి నిద్ర పడుతుందా, బోర్డు మీద రాసుకున్న ‘హెరిటేజ్’ అన్న మాటకు అర్థమేమైనా ఉందా అన్నవి నా సందేహాలు.

జవాబు 1: బాటసారి

నిరుటి శ్రావణంలో మూడు రాత్రులు ఆ మేడలోనే ఉన్నాను కనుక చెప్పగలను. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, అక్కడ ఒక గదికీ మరో గదికీ పోలికే ఉండదు. కొత్త హోటల్లో ఏ గది ఇచ్చినా ఒకటే. ఇక్కడ మాత్రం గది చూడకుండా డబ్బు కట్టినవారికి ఏది దక్కుతుందో వారి అదృష్టం.

నాకు మొదట పై అంతస్తులో వీధివైపు గది ఇచ్చారు. పదిహేను అడుగుల ఎత్తున పైకప్పు, పొడవాటి గొట్టానికి వేలాడే ఫ్యాను, నిలువెత్తు కిటికీలు చూసి మురిసిపోయాను. ఆ వీధి ఇరుకు, మెట్రో వంతెన సరిగ్గా వరండా ఎత్తున పోతుంది. మరునాడు ఉదయం పళ్లు తోముకుంటూ వరండాలో నిలబడితే, ఒక బండి నిండా ఉన్న జనం నన్ను తేరిపార చూస్తూ వెళ్లిపోయారు. రైలు చప్పుడు పెద్దగా బాధించలేదు. కింద బేరాలు, హారన్లు, రాత్రి పది దాటాక వరసగా షట్టర్లు దించే మోత మాత్రం బాధించాయి. ఆ తర్వాత వీధి ఎంత నిశ్శబ్దమైపోతుందంటే, తెల్లవారుజామున వినబడే అజాన్, ఆ వెనకే మోగే గుడిగంట రెండూ మన గదిలోనే మోగినట్టుంటాయి.

రెండో రోజు అడిగి, కింద లోగిలివైపు గదికి మారాను. అక్కడ చల్లగా, ప్రశాంతంగా ఉంది కానీ గోడలు నెమ్మెక్కి, రంగు బుడగలు లేచి, దుప్పటి తీయగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. స్నానాలగది విషయానికొస్తే, అది ఈ మేడతో పుట్టినది కాదు. తర్వాతెప్పుడో గది మూలకు అడ్డగోడ లేపి, గొట్టాలు పోవడానికి నేలను ఎత్తు చేసి కట్టారు. అందువల్ల గడప జానెడు ఎత్తుంటుంది. మీ అమ్మగారికి మెట్ల కంటే ఆ గడపే ప్రమాదమని నా అభిప్రాయం, ఎందుకంటే మెట్లెక్కేటప్పుడు జాగ్రత్తగా ఉంటాం, అర్ధరాత్రి గడప దాటేటప్పుడు ఉండం. మెట్లు కూడా తక్కువేమీ కాదు. ఒక్కొక్కటి దాదాపు తొమ్మిది అంగుళాల ఎత్తున్న రాతిమెట్లు, లిఫ్టు లేదు.

వంటశాల లేదు. కాపలా పెద్దాయన ఉదయం ఫ్లాస్కులో ఇరానీ చాయ్ తెచ్చిపెడతాడు.

జవాబు 2: విశ్రాంత ఇంజినీరు

బాటసారి గారు చెప్పిన ముక్కిపోయిన వాసనకు కారణం మేడ పాతదనం కాదండి, దాని మీద వేసిన కొత్త పూత. ఆ కాలపు గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకున్నా, గాలి తగలగానే దాన్ని బయటికి వదిలేస్తుంది. యజమానులు శుభ్రంగా కనబడాలని దానిపై సిమెంటు గిలాబా చేసి ప్లాస్టిక్ రంగు పూస్తే, చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడది గోడలోనే పైకి పాకి, తనతో తెచ్చిన లవణాలను పూత వెనక పేర్చి, చివరికి ఆ పూతనే పొక్కులుగా లేపుతుంది. ఎంత ఎక్కువ ఖర్చుపెట్టి రంగులు వేయిస్తే అంత త్వరగా పాడవుతుందని నా ఉద్యోగకాలంలో చాలామందికి చెప్పాను, వినినవారు తక్కువ. గది చూసేటప్పుడు కిటికీ అందం కాక, మంచం పక్కన నేల నుంచి మూడడుగుల వరకు గోడను చేత్తో తడిమి చూడండి.

ఇక్కడ మీకొక చిక్కుంది. అమ్మగారి మోకాళ్లు కింది గది కోరుతాయి, చెమ్మ భయం పై గది కోరుతుంది. వానాకాలంలో వెళ్తే ఈ తగువు తీరదు. సంక్రాంతి నాటికి గోడలు చాలావరకు ఆరిపోతాయి కాబట్టి అప్పుడు కింది గది తీసుకోవడం మేలు. వేసవిలో కూడా కిందనే ఉండాలి. పై గదుల కప్పు టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు పేర్చి సున్నపు గచ్చు వేసిన పాత మిద్దె. అది పగలంతా తాగిన ఎండను రాత్రి గదిలోకి వదులుతుంది.

షవర్ మీద ఆశ పెట్టుకోవద్దు. నీటికి ప్రతి మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 కిలో మాత్రమే. ట్యాంకు పై అంతస్తు కప్పు మీదే ఉంటే, కింద ఫరవాలేదనిపించే ధార పై గదిలో చినుకులుగా పడుతుంది. బకెట్, చెంబు ఉన్నాయో లేదో అడగండి.

‘హెరిటేజ్’ అన్న మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో హెరిటేజ్ హోటల్‌గా గుర్తింపు పొందాలంటే కట్టడం 1950కి ముందుదై ఉండాలి, ఇతర షరతులూ ఉన్నాయి. గుర్తింపు పత్రం ఉంటే చూపిస్తారు. లేనంత మాత్రాన మేడ కొత్తదైపోదు. ఆ పేట పాతదనానికి బోర్డు అక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో, నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయమున్న భవనం, కూతవేటు దూరంలోనే ఉంది. సుల్తాన్‌బజార్‌ను పూర్వం రెసిడెన్సీ బజారు అనేవారు. బాటసారులకు బస అన్నది కూడా ఈ నగరానికి కొత్త కాదు. గోల్కొండ దారిలో షేక్‌పేట సరాయి కుతుబ్‌షాహీల నాటిది, నాంపల్లి స్టేషన్ ఎదుటి సరాయి ఏడో నిజాం కాలంనాటిది. రెండోదాన్ని ఏళ్ల తరబడి శిథిలావస్థలో వదిలేయడం చూస్తే, మీరు చెప్పిన మేడను ఎవరో ఒకరు లాడ్జిగానైనా బతికించుకుంటున్నందుకు నాకు సంతోషమే.

జవాబు 3: ఓరుగల్లు ఆడపడుచు

పోటీ పరీక్షలు రాయడానికి వచ్చినప్పుడల్లా నేను ఆ వీధిలోని పాత లాడ్జీల్లోనే, ఒంటరిగా, దిగుతాను. బాటసారి గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. లోగిలివైపు గది ప్రశాంతమే అయినా, దాని కిటికీ అందరూ నడిచే వరండాలోకి తెరుచుకుంటుంది. తెర వేస్తే గాలి రాదు, తీస్తే మరుగు ఉండదు. నాకు వీధివైపు గదే నయమనిపించింది. మెట్రో ప్రయాణికులు క్షణంలో వెళ్లిపోతారు, వరండాలో తచ్చాడేవారు అలా కాదు. ఒక లాడ్జిలో తువాలు మార్చే నెపంతో ఒకతను రాత్రి పదకొండింటికి తలుపు తట్టాడు. యజమానికి ఫిర్యాదు చేస్తే "మావాడు మంచివాడేనమ్మా" అన్నాడు. మర్నాడే ఖాళీ చేశాను.

తలుపులు రెండు రెక్కల పాతవి, లోపల గడియ, బయట గొళ్లెం ఉంటాయి. మంచి తాళంకప్ప ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్లండి. చాలాచోట్ల 24 గంటల లెక్క ఉంటుంది కాబట్టి, రిజిస్టరులో దిగిన సమయం సరిగ్గా రాశారో లేదో చూసి సంతకం చేయండి.

జవాబు 4: రిసెప్షన్ అనుభవజ్ఞుడు

విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి దిగితే, 24 గంటల్లోపు ఆ వివరాలను ఆన్‌లైన్‌లో అధికారులకు పంపడం వసతిగృహం వారి బాధ్యత. ఆ ఏర్పాటు చేసుకోని చిన్న లాడ్జీలు గది ఖాళీగా ఉన్నా లేదంటాయి. ముందే ఫోన్ చేసి, "విదేశీ పాస్‌పోర్టుకు గది ఇస్తారా" అని సూటిగా అడగండి.

తిరిగి ఉప్పల్‌వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇంజినీరు గారి మాట ప్రకారం ఆగి, సంక్రాంతి వెళ్లిన వారానికి బయలుదేరాము. అల్లుడికి గది ఇవ్వలేమని ఫోన్లోనే చెప్పారు, అతను ఉప్పల్‌లోనే పడుకుని పగలు మాతో కలిశాడు. కింది గదులు మూడు చూసి, గోడలు తడిమి (మేనేజరు నన్ను వింతగా చూశాడు), రంగు పూయకుండా వెల్ల మాత్రమే వేసిన గది తీసుకున్నాము. వాసన లేదు. గడప దగ్గర రాత్రంతా చిన్న దీపం వెలిగించి ఉంచినా, అమ్మ రెండో రాత్రి కాలివేలు కొట్టుకుంది. తువాలు కూడా తలుపు గొళ్లేనికి తగిలించి పొమ్మని ముందే చెప్పాము, ఎవరూ తలుపు తట్టలేదు.

నాన్నగారు అద్దెకున్న గది ఇప్పుడు బట్టల గోదాము. దాని ముందు ఎక్కువసేపు నిలబడలేదు. గ్రంథాలయంలో మాత్రం మధ్యాహ్న భోజనం సంగతి కూడా మరిచి కూర్చున్నారు. మరునాడు ఆదివారం, దుకాణాలు మూసిన కోఠీ కాలిబాట మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. రెండు సంచులు నిండాయి. మూడో రాత్రి కూడా ఉందామని ఆయన, చాలని అమ్మ. అమ్మ మాటే నెగ్గింది.

మూడున్నరకు తాళం అప్పగించి, సుల్తాన్‌బజార్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాము. పరేడ్ గ్రౌండ్‌లో మారితే ఉప్పల్ చేరవచ్చు. బండి కదిలిన కాసేపటికి మేముండిన మేడ కిటికీలోంచి కనబడింది. పై వరండాలో ఎవరో తడిబట్టలు ఆరేస్తున్నారు. నాన్నగారు ఆ మనిషిని తేరిపార చూసి, నన్ను కూడా చూడమన్నారు.