ఉచితంగా దొరికే ఏఐ మోడళ్లతో బాగుపడేది ఎవరు?

బెజవాడ కోడర్:

మా ఆఫీసులో ఏడాదిగా తెగని వాదన ఇది. ఇక్కడ పెడుతున్నాను, మీ అభిప్రాయాలు చెప్పండి. డీప్‌సీక్, క్వెన్, మిస్ట్రాల్, గెమ్మా లాంటి ఓపెన్ మోడళ్లు (ఎవరైనా దించుకుని తమ మెషీన్ మీద నడుపుకోగలిగే ఏఐ మోడళ్లు) వచ్చాక చిన్న సంస్థలు నిజంగా తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయా, లేక యజమాని మాత్రమే మారాడా? నిలబడ్డాయనే నేనంటాను.

మాది భూమి దస్తావేజుల పని. బ్యాంకు లోను ఇచ్చే ముందు లాయరుగారు పాత సేల్ డీడ్లు, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు (ఆస్తి లావాదేవీల రికార్డులు) చదివి లీగల్ ఒపీనియన్ ఇస్తారు కదా. ఆ స్కాన్ కాపీల్లోంచి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఎవరి నుంచి ఎవరికి మారిందీ తీసి పట్టికగా ఇవ్వడం మా వంతు. మొదట్లో ఒక విదేశీ కంపెనీ ఏపీఐ వాడాం, అంటే పాఠం వాళ్ల సర్వర్‌కి పంపి జవాబు తెప్పించుకోవడం. మోడల్ పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొడుతుంది, బిల్లు వాటి లెక్కనే. తెలుగుకి ఆ టోకెన్ల ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఇది మా ఒక్కరి బాధ కాదు. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ తనే ఒక ఉదాహరణ చూపించింది: అంతకుముందు 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠం కొత్త పద్ధతిలో 45కి దిగిందని. అంటే ఒకే విషయానికి అప్పటిదాకా మూడున్నర రెట్ల బిల్లు కట్టామన్నమాట. దానికితోడు, దస్తావేజుల్లో జనం పేర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి కాబట్టి అవి బయటి సర్వర్‌కి వెళ్లడానికి బ్యాంకు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఓపెన్ మోడల్ మా గదిలోనే, మా మెషీన్ మీద నడుస్తోంది. ఒక్క ఉదాహరణ చెప్తాను. తెలంగాణ దస్తావేజులో విస్తీర్ణం 2-15 అని ఉంటే రెండు ఎకరాల 15 గుంటలు. ఆంధ్ర దస్తావేజులో 2.15 అంటే రెండు ఎకరాల 15 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. మోడల్ రెండింటినీ దశాంశంగానే చదివేది. 15 గుంటలంటే 37.5 సెంట్లు కదా, అంటే ఇరవై రెండున్నర సెంట్ల భూమి కాగితం మీద మాయమైపోయేది. ఏపీఐ వాడే రోజుల్లో ప్రాంప్ట్‌లో (మోడల్‌కి రాసిచ్చే సూచనలో) ఎంత వివరించినా పదింటిలో ఒకటో రెండో తప్పు పోయేది. ఓపెన్ మోడల్‌కి మా సొంత ఉదాహరణలతో ఫైన్‌ట్యూనింగ్ (అదనపు శిక్షణ) చేశాం. ఇప్పుడు ఆ తప్పు రావడం లేదు. వెయిట్లు (మోడల్ నేర్చుకున్నదంతా దాచి ఉంచే అంకెలు) మన చేతిలో ఉండటం అంటే ఇదీ.

ధరల సంగతి అందరికీ తెలిసిందే. 2025 జనవరి 20న చైనా కంపెనీ డీప్‌సీక్ తన ఆర్1 మోడల్‌ని ఎంఐటీ లైసెన్సుతో (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు) ఇచ్చింది. పది లక్షల అవుట్‌పుట్ టోకెన్లకు ఓపెన్‌ఏఐ ఓ1 అప్పట్లో 60 డాలర్లు తీసుకుంటుంటే వీళ్లు 2.19 డాలర్లన్నారు. జూన్‌లో ఓపెన్‌ఏఐ ఓ3 ధర 80 శాతం తగ్గించింది. ఆగస్టులో జీపీటీ-ఓఎస్ఎస్ పేరుతో రెండు మోడళ్ల వెయిట్లే ఇచ్చేసింది. ఈ పోటీ లేకపోతే అవి అంత త్వరగా జరిగేవని నేననుకోను.

మణికొండ:

కోడర్ గారూ, మీ పనికి అది సరిపోయిందంటే సంతోషం. కానీ సర్వర్ల వైపు పనిచేసేవాడిగా ఒక మాట చెప్పాలి. వెయిట్లు ఉచితమే, నడపడం ఉచితం కాదు. ఆర్1లో 671 వందల కోట్ల పారామీటర్లు, అంటే వెయిట్ల అంకెలు. ఒక్కోదానికి 8 బిట్లు వేసుకున్నా వెయిట్లకే దాదాపు 670 జీబీ మెమరీ కావాలి. 80 జీబీ మెమరీ ఉన్న హెచ్100 కార్డులు (ఏఐ నడిపే చిప్పులు) ఎనిమిది కలిపితే 640. పట్టదు. అంతకంటే పెద్ద కార్డులైనా తేవాలి, రెండో సర్వరైనా జోడించాలి, లేదా బిట్లు తగ్గించి నాణ్యత కొంత వదులుకోవాలి. "పెద్ద మోడల్ ఫ్రీగా దొరుకుతోంది" అన్న మాట నమ్మి మా దగ్గరికి వచ్చే కస్టమర్లకు ముందు ఈ లెక్కే వేసి చూపిస్తాను.

ఇంకో సంగతి. మోడల్ ఒక్కో టోకెన్ రాయడానికి వెయిట్లను మెమరీలోంచి మళ్లీ చదవాలి. పెద్ద ప్రొవైడర్ దగ్గర ఒకేసారి చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక్కసారి చదివిన వెయిట్లు అందరికీ పనికొస్తాయి, ఖర్చు అందరి మీదా పంచుకుపోతుంది. మీ గదిలో అడిగేది మీరొక్కరే. రాత్రంతా కార్డు ఖాళీగా ఉన్నా అద్దె గానీ, ఈఎంఐ గానీ ఆగవు. టోకెన్ లెక్కన చూస్తే చాలామంది చిన్నవాళ్లకి ఓపెన్ మోడల్ సొంతంగా నడపడం కంటే అదే మోడల్‌ని ఎవరో నడుపుతుంటే కొనుక్కోవడమే చవక. అప్పుడు స్వాతంత్ర్యం ఎక్కడుంది? డబ్బులు మళ్లీ క్లౌడ్ కంపెనీకే.

బెజవాడ కోడర్:

మణికొండ గారూ, మేం వాడేది అంత పెద్ద మోడల్ కాదండి. జీపీటీ-ఓఎస్ఎస్‌లో చిన్నది 16 జీబీ మెమరీలో నడుస్తుంది. పెద్దది కూడా ఒక్క 80 జీబీ కార్డులో పడుతుంది. దస్తావేజు చదవడానికి గణిత ఒలింపియాడ్ గెలిచే మోడల్ అక్కర్లేదు. ఇక క్లౌడ్ వాడినా, అదే మోడల్‌ని పదిమంది ప్రొవైడర్లు నడుపుతున్నారు. ఒకరు ధర పెంచితే మరుసటి రోజు ఇంకొకరి దగ్గరికి వెళ్లొచ్చు. నాకు ముఖ్యమైంది ఇదే.

ఆస్టిన్ నుంచి:

ముందు ఒక అపోహ తొలగాలి. డీప్‌సీక్ మోడల్ మొత్తం 56 లక్షల డాలర్లకే తయారైందని ఇప్పటికీ రాస్తున్నారు. ఆర్1కి పునాది అయిన వాళ్ల వీ3 మోడల్ పేపర్లో ఉన్నది 55.76 లక్షల డాలర్లు. 27.88 లక్షల జీపీయూ (ఏఐ కార్డు) గంటలు, గంటకు 2 డాలర్ల అద్దె అనుకుని వేసిన లెక్క అది. చివరి ట్రైనింగ్ రన్ ఖర్చు మాత్రమే. అంతకుముందు చేసిన పరిశోధన, ప్రయోగాలు ఇందులో లేవని ఆ పేపరే చెప్పింది. జీతాలు, సొంత కార్డులు కొన్న డబ్బు సంగతి సరేసరి.

ఆ ఒక్క అంకె పట్టుకునే 2025 జనవరి 27న ఆ కార్డులు తయారుచేసే ఎన్‌విడియా షేరు 17 శాతం పడింది. ఒక్కరోజులో దాదాపు 59 వేల కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. అదే రోజుల్లో సత్య నాదెళ్ల ఆర్థికవేత్త జెవన్స్ సిద్ధాంతాన్ని గుర్తు చేశారు. బొగ్గును పొదుపుగా వాడే ఇంజన్లు వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని 1865లో జెవన్స్ రాశాడు. చివరికి జరిగిందీ అదే. ఆ అక్టోబరుకల్లా ఎన్‌విడియా విలువ 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అదే నెలలో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. మోడల్ చవకైన కొద్దీ వాడకం పెరుగుతోంది, వాడకం పెరిగిన కొద్దీ కరెంటు, కార్డులు, స్థలం అమ్మేవాళ్లు బాగుపడుతున్నారు. నష్టపోతున్నది మోడల్ ఒక్కటే అమ్ముకుని బతుకుదామనుకున్న కంపెనీలు. ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయాన్ చెస్కీ తమ కస్టమర్ సర్వీసు ఏఐ ఏజెంటుకి చైనా కంపెనీ అలీబాబా ఇచ్చే క్వెన్ మీద బాగా ఆధారపడుతున్నామని బహిరంగంగానే చెప్పారు. సిలికాన్ వ్యాలీ కంపెనీయే వేగం, ధర చూసి అటు వెళ్లిందంటే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మణికొండ:

అలీబాబా రేపు ఇవ్వడం ఆపేస్తే? ఫేస్‌బుక్ యజమాని మెటా సంగతే చూడండి. 2024 జులైలో లామా 3.1 మోడల్ ఇస్తూ ఓపెన్ సోర్సే దారి అని జుకర్‌బర్గ్ పెద్ద ఉత్తరం రాశారు. ఏడాది తిరిగేసరికి, ఏది ఓపెన్‌గా ఇవ్వాలో ఆచితూచి నిర్ణయిస్తామన్నారు. లామా లైసెన్సులో నెలకు 70 కోట్లకు పైగా యూజర్లున్న కంపెనీలు విడిగా అనుమతి తీసుకోవాలన్న షరతు లామా 2 నుంచీ ఉంది. ఇంకొకడి దయ మీద వ్యాపారం కట్టుకోవడం నాకు మింగుడుపడదు.

బెజవాడ కోడర్:

ఆపేస్తే కొత్తవి రావు, నిజమే. కానీ ఎంఐటీ, అపాచీ లైసెన్సుతో దించుకున్న వెర్షన్ నా హార్డ్ డిస్కులోంచి ఎవరూ లాక్కోలేరు. ఏపీఐలో పాత మోడల్‌ని రిటైర్ చేస్తున్నామని మెయిల్ వస్తే మాకెంత టెన్షనో మీకు తెలియదు. ప్రాంప్టులన్నీ మళ్లీ మొదటినుంచి పరీక్షించుకోవాలి. ఇప్పుడు మోడల్ ఎప్పుడు మార్చాలో మేమే నిర్ణయించుకుంటున్నాం.

లెక్కల మాస్టారు:

మీరంతా ఓపెన్ అంటున్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవాణ్ని, అందుకని అడ్డుపడుతున్నాను. వెయిట్లు ఇచ్చారు సరే, దేంతో ట్రైనింగ్ చేశారో చెప్పారా? 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఓపెన్ సోర్స్ ఏఐకి ఇచ్చిన నిర్వచనం ప్రకారం డేటా గురించి తగినంత సమాచారం ఇవ్వాలి. మనం రోజూ వాడే మోడళ్లలో చాలా వాటికి ఆ అర్హత లేదు. అమెరికాలోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం తన ఓల్మో మోడల్ డేటా, కోడ్ అన్నీ బయటపెట్టింది. విద్యార్థులకు నేను చూపించేది అదే.

ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. డీప్‌సీక్‌ని అరుణాచల్ ప్రదేశ్ గురించి అడిగితే జవాబు దాటవేసిందని ఆర్1 వచ్చిన కొద్ది రోజులకే పత్రికలు రాశాయి. ఆ దాటవేత యాప్‌లో పెట్టిన ఫిల్టరా, వెయిట్లలోనే ఉందా? మెషీన్ మన గదిలో ఉన్నంత మాత్రాన మోడల్ నేర్చుకున్నది మారదు. ఇక తెలుగు విషయానికొస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఇంటర్నెట్‌లో ఉన్న పాఠంలో తెలుగు వాటా మాత్రం చాలా తక్కువ. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ వాళ్లు అనువాద మోడళ్లు, డేటా రెండూ అందరికీ ఇస్తున్నారు. అలాంటి పని పదింతలు కావాలి. ఎవరో ఇచ్చిన వెయిట్లకు పైపూత పూసుకుంటూ పోతే తెలుగు ఎప్పటికీ వాళ్లు మిగిల్చినంతే వస్తుంది.

గోదారి గట్టు:

అన్నలందరికీ నమస్తే. బీటెక్ అయ్యి ఆఫర్ లెటర్ వచ్చాక కూడా ఒక కంపెనీ నెలల తరబడి జాయినింగ్ ఇవ్వలేదు నాకు. అందుకే అడుగుతున్నాను, మీ చర్చలో మా ఉద్యోగాలు ఎక్కడున్నాయి? సర్వీసు కంపెనీలు మనుషుల్ని, గంటల్ని లెక్కగట్టి బిల్లు వేస్తాయి. టెస్టింగ్, టికెట్లు (క్లయింటు ఫిర్యాదులు), డాక్యుమెంటేషన్ లాంటి పనులతోనే ఫ్రెషర్లు పని నేర్చుకునేవాళ్లు. అవి దాదాపు ఉచితంగా అయిపోతే క్లయింటు ఆ గంటలకు డబ్బెందుకిస్తాడు? 2025 జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామంది. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోవడం లేదని వాళ్ల వివరణ. కారణం ఏదైనా బయట ఉన్నది మేమే.

ఆస్టిన్ నుంచి:

తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇక్కడ ఎవరూ సూటిగా జవాబు చెప్పలేరు. గంటల బిల్లింగ్ ఇలాగే సాగుతుందని నేను కూడా అనుకోవడం లేదు. ఇక్కడ క్లయింట్లు "ఏఐ వాడి మిగిల్చిన టైములో మా వాటా ఏది?" అని కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడే అడుగుతున్నారు. చిన్న మోడల్‌ని ఒక వ్యాపారం పనికి తగ్గట్టు మలచడం, అది తప్పు చేసిందో లేదో పరీక్షించే పద్ధతి తయారుచేయడం నేర్చుకో. దానికి మనుషులు దొరకడం లేదు.

బెజవాడ కోడర్:

దానికి నా వంతు జోడిస్తాను. గుంటలు, సెంట్ల తప్పు పట్టుకున్నది మా ఇంజనీర్లు కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి మానేసిన దస్తావేజు లేఖరి ఒకాయన రోజూ వచ్చి మోడల్ తీసిన పట్టికలు దిద్దుతారు. పక్కనే ఒక కొత్త అమ్మాయి కూర్చుని ఆ దిద్దుబాట్లను ట్రైనింగ్ ఉదాహరణలుగా రాస్తుంది. ఆమె ఫ్రెషరే. ఆ ఉద్యోగం రెండేళ్ల క్రితం మా దగ్గర లేదు. మోడల్ ఎవరికైనా దొరుకుతుంది, ఆ దిద్దిన ఉదాహరణలు మాత్రం మా దగ్గరే ఉన్నాయి.

మణికొండ:

ఈ మాట ఒప్పుకుంటాను. మరి ఆ దిద్దిన డేటా ఎవరిది? కాగితాలు బ్యాంకువి, దిద్దింది మీరు. రేపు బ్యాంకు "మా డేటాతో తయారైన మోడల్ మాకివ్వండి, ఇక మేమే నడుపుకుంటాం" అంటే మీరేం చేస్తారు? ఓపెన్ మోడల్ కాబట్టి వాళ్లకీ అడ్డేం లేదు.

బెజవాడ కోడర్:

అడిగారండీ. కొత్త కాంట్రాక్టులో దిద్దుబాట్లన్నీ తమవేనన్న క్లాజు పెట్టారు. పేర్లు, నంబర్లు తీసేసిన ఉదాహరణలు మా దగ్గరే ఉంటాయని మేం రాయమంటున్నాం. ఇంకా సంతకం కాలేదు. ఇక్కడ కాంట్రాక్టులు చూసే లాయర్లు ఎవరైనా ఉంటే ఆ క్లాజు ఎలా రాయాలో చెప్పండి.